గోరుతో పాటు ఎముక

చిరుతపులితో ఫొటోలు దిగే ఆ తోటకి యజమాని బావమరిది. బోనుల పని చూసేది బావ. ఉద్యోగమూ, తోట వెనక రెండు గదుల ఇల్లూ అన్నీ బావమరిది చలవే. ఆ మాట ఇల్లాలు రోజూ గుర్తుచేస్తూనే ఉండేది.

చిరుతని పాలసీసా పట్టి పెంచింది బావే. ముళ్లు గుచ్చుకున్నాయేమో చూడటానికి, పిలవగానే ఊచల సందులోంచి పంజా చాపడం అలవాటు చేశాడు. చేతిలో ఆ పంజా దూదిలా ఉండేది. గోళ్లన్నీ లోపలే. నడకలో అరిగిపోకుండా, వేట పట్టేటప్పుడే బయటికొచ్చేలా దేవుడు ఒక్కో గోటికీ ఒక్కో ఒర కుట్టిపెట్టాడని మురిసిపోయేవాడు. మరి ఆ గోళ్లకి చిక్కే జింక ఏం పాపం చేసిందని అనుమానమూ వచ్చేది. దణ్ణం పెట్టుకుని ఊరుకునేవాడు.

ఒకనాడు ఫొటో దిగుతున్న పెద్దమనిషి చొక్కా ఆ గోళ్లకి చిరిగింది. వెంటనే బావమరిది పశువుల డాక్టర్ని వెంటబెట్టుకొచ్చాడు.

"కాస్త పంజా పట్టుకో బావా. నేను పిలిస్తే నా చెయ్యే ఉంచేసుకుంటుంది!"

బావ పిలిచాడు. పంజా వచ్చింది. "గోళ్ల కొసలేగా డాక్టరు గారూ?"

"కొసలు కోస్తే మళ్లీ పెరుగుతాయండీ," అన్నాడు డాక్టరు, సూదిలోకి మత్తుమందు ఎక్కిస్తూ. "వీటి గోరు ఎముకలోంచే పుడుతుంది. వేలి చివరి కణుపు తీసెయ్యాల్సిందే."

"అంటే వేళ్లు నరకడమే కదరా!" అన్నాడు బావ, బావమరిది వైపు తిరిగి.

"మాకంటే మృగమే ఎక్కువైందా బావా? అక్కని పిలవమంటావా?" నవ్వుతూనే అడిగాడు బావమరిది.

చెయ్యి వదిలేస్తే చాలు, పంజా లోపలికి పోయేది. బావ వదల్లేదు. సూది దిగినప్పుడు చిరుత ఉలిక్కిపడింది. గోళ్లు మాత్రం బయటికి తియ్యలేదు. తన పంజా ఎవరి చేతిలో ఉందో దానికి తెలుసు.

పుళ్లు మానాక దాన్ని జనం ముందుకి వదిలారు. మాంసపు కండ వేస్తే, ముందుకాళ్లతో అదిమిపట్టి చీల్చబోయింది. కండ సబ్బుబిళ్లలా జారిపోయింది. మళ్లీ అదిమింది, మళ్లీ జారింది. కుంటుకుంటూ దాని వెంట పడింది. జనం పగలబడి నవ్వారు.

బావ కత్తి పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. "ముక్కలు కోసి వేస్తాను."

"ఉండనీ బావా. ఎంత సరదా పడుతున్నారో చూడు! రోజూ ఇలాగే వేద్దాం."

మర్నాడు కండ బావే వేశాడు, కొయ్యకుండా.