కప్పిన శాలువా తీయకూడదు

నేను ఒక సన్మానపు శాలువాను. మెరూన్ రంగు, రెండు వైపులా బంగారు అంచు. బంగారం అన్నాను కదా అని దగ్గరికొచ్చి చూడకండి. వేదిక మీద నేనూ, కింద కుర్చీల్లో మీరూ ఉన్నంతసేపే నా అందం.

పుట్టింది ఎక్కడో ఉత్తరాదిన, ఒక పవర్‌లూమ్ షెడ్డులో. నన్ను నేసిన యంత్రానికి నా మీద ప్రత్యేకమైన ప్రేమ ఏమీ లేదు. ఆగకుండా నేసుకుంటూ పోయింది. ఎవరో కత్తిరించారు, మరెవరో ప్లాస్టిక్ కవరులో పెట్టారు. మూట కట్టినాయన మాత్రం పక్కవాడితో, వీటితో చలి ఆగదు, సన్మానాలకు పంపెయ్ అన్నాడు. పుట్టినప్పుడు నాకు దక్కిన ఆశీర్వచనం అదే.

రైలెక్కి చీరాల చేరాను. చుట్టూ అన్నీ మగ్గాల ఊళ్లే. అలాంటి చోట నేను హాట్ కేకులా అమ్ముడుపోయానంటే మనుషుల మీద నాకున్న గౌరవం కాస్త తగ్గడంలో తప్పేముంది? మొదట నన్ను ఒక బ్యాంకు మేనేజరు పదవీ విరమణ సభలో కప్పారు. ఇంటికి వెళ్లాక ఆయన భార్య బీరువా తెరిచి నిట్టూర్చింది. లోపల అప్పటికే మా వాళ్లు కిక్కిరిసి ఉన్నారు. "మళ్లీ ఇంకోటా? ఎక్కడ పెట్టనండీ!" అని నన్ను ఎలాగో లోపలికి కుక్కింది. నెల తిరక్కుండా అదే కవరులో ఒక గృహప్రవేశానికి వెళ్లాను. అక్కడి నుంచి ఒక పుస్తకావిష్కరణకు, ఆ కవిగారి బీరువాలోంచి మరో సభకు. నా పని తీరే అది. మనిషి భుజం మీద ఉండేది ఫోటో తీసేంతసేపు, బీరువాలో ఉండేది ఏళ్ల తరబడి.

అన్నిట్లోకీ నేను ఎక్కువగా చూసినవి 'పదో తరగతి తర్వాత ఏమిటి?' అనే సదస్సులు. వాటి వరస నాకు కంఠతా వచ్చు. ముందు అతిథులను ఒక్కొక్కరినీ వేదిక మీదికి పిలుస్తారు. తర్వాత జ్యోతి వెలిగించడం, గాలికి అది ఆరిపోవడం, మళ్లీ వెలిగించడం. ఆ తర్వాత పూలగుత్తులు, నేను, జ్ఞాపికలు. పిల్లలేమో ఎండలో కూర్చుని, మోకాళ్ల మీద గడ్డాలు ఆనించుకుని చూస్తుంటారు. చివరికి ముఖ్య అతిథి లేచి గడియారం చూసుకుని, "ఎంపీసీ తీసుకుంటే ఇంజనీరు అవుతారు, బైపీసీ తీసుకుంటే డాక్టరు అవుతారు. ఇంకా మిగతావి కూడా ఉన్నాయి" అంటారు. అంతలో భోజనాల పిలుపు వస్తుంది. ఆ మిగతావి ఏమిటో తెలుసుకోవాలని నాకు మహా కుతూహలంగా ఉండేది. ఎవరూ చెప్పిన పాపాన పోలేదు.

అలా తిరిగి తిరిగి వేటపాలెం దగ్గర ఒక పల్లెలోని హైస్కూలుకు చేరాను. అక్కడి హెడ్మాస్టరు కోటిలింగం గారు ఆ ఏడే బదిలీ మీద వచ్చారు. ఆయన కూడా ఒక సదస్సు తలపెట్టారు. ముఖ్య అతిథి పట్నంలో ఉండే ఒక రిటైర్డ్ ప్రిన్సిపాలు. ఆయనతో ఫోనులో మాట్లాడటమే తప్ప కోటిలింగం గారు ఎప్పుడూ మనిషిని చూడలేదు. తెల్ల చొక్కా వేసుకుని కారులో వస్తారని మాత్రం తెలుసు.

ఆ బడిలో పదో తరగతి చదువుతున్న భావన అనే పిల్ల ఆ సదస్సు మీదే ప్రాణాలు పెట్టుకుంది. ఆ పిల్ల తండ్రి శివనాగులు మగ్గం నేస్తాడు. కూతుర్ని ఎంపీసీలో చేర్చి, హాస్టల్లో పడేసి, ఇంజనీరును చేయాలని ఆయన పట్టు. ఆ సాయంత్రమే ఒక కాలేజీ మనిషి ఇంటికొచ్చి పేరు రాసుకుపోతానన్నాడు. భావనకు మాత్రం నేత చదువు చదవాలని ఉంది. అలాంటి చదువు ఒకటుందని ఎక్కడో తెలుసుకుంది. చెబితే నాన్న వినడు. ఎవరైనా పెద్దమనిషి మైకులో చెబితే వింటాడేమోనని, "ఒక్కసారి మీటింగుకు రా నాన్నా" అని బతిమాలింది. ఆ అతిథి గనక నోరు విప్పి మిగతావాటి గురించి చెబితే పిల్ల గట్టెక్కినట్టు, లేదంటే లేదు. ఈ సంగతంతా ఉదయం కుర్చీలు సర్దుతూ ఆ పిల్ల తన స్నేహితురాలికి చెబుతుంటే, పళ్లెంలో పూలదండ పక్కన కూర్చుని నేను విన్నాను. అయ్యో తల్లీ, అతిథుల సంగతి నీకు తెలియదు, నాకు తెలుసు అనుకున్నాను.

పదకొండయింది. గేటు దగ్గర కారు ఆగింది. అందులోంచి ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కా, తెల్ల పంచెతో ఒకాయన దిగాడు. కోటిలింగం గారు పరుగున ఎదురెళ్లి రెండు చేతులూ పట్టుకుని, "దయచేయండి, దయచేయండి" అంటూ నేరుగా వేదిక మీదికి తీసుకుపోయారు. దిగినాయన శివనాగులు. చీరల షావుకారు పట్నం పోతూ పోతూ తన కారులో బడి దగ్గర దించి వెళ్లాడు. పాపం శివనాగులు ఏమనుకున్నాడంటే, తల్లిదండ్రులను పిలిస్తే ఈ బడిలో ఇలాగే చూస్తారు కాబోలు అనుకున్నాడు. మగ్గం దిగి బడి గడప తొక్కింది అదే మొదటిసారి.

కింద ఏడో వరసలో భావన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ పిల్ల లేచి ఏదో అనబోయేలోపే తెలుగు మాస్టారు మైకు అందుకుని, "విద్యాసాగరంలో తరించిన మహానుభావులు" అని మొదలెట్టారు. దండ పడింది. దాని మీద నేను పడ్డాను. చప్పట్లు మోగాయి. సరిగ్గా అప్పుడే కోటిలింగం గారి జేబులో ఫోను మోగింది.

"నేనండీ, ప్రిన్సిపాలును. దారిలో టైరు పంచరైంది. కాస్త ఆలస్యమవుతుంది" అంటోంది ఫోను.

కోటిలింగం గారి ముఖంలో నెత్తురు చుక్క లేదు. తెలుగు మాస్టారి చెవిలో గుసగుసగా, "కొంప మునిగిందండీ. ఈయన ఆయన కాదు. ఇప్పుడేం చేద్దాం? శాలువా తీసేద్దామా?" అన్నారు.

"ఎంత మాట! కప్పిన శాలువా తీయకూడదండీ. అంతకంటే అవమానం ఇంకేముంటుంది?" అన్నారు తెలుగు మాస్టారు.

"మరి?"

"కప్పాం కాబట్టి మాట్లాడించాల్సిందే."

అదీ సంగతి. మనుషుల తెలివి మీద నాకు ఎన్ని అనుమానాలున్నా, ఈ ఒక్క ఆచారానికి మాత్రం నేను రుణపడి ఉంటాను. నన్ను కప్పుకున్నవాడు నాలుగు మాటలు చెప్పాలి. చెప్పేందుకు ఏమీ లేకపోయినా చెప్పాలి.

శివనాగులు చేతికి మైకు ఇచ్చారు. "నమస్కారమండీ" అన్నాడు. ఏం చేయాలో తోచక నా అంచును రెండు వేళ్ల మధ్య పట్టుకుని నలిపాడు. అది వాళ్ల వృత్తిలో అలవాటు, గుడ్డ కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. నలిపి, ఆగి, మళ్లీ నలిపి, నన్ను వెలుగులోకి ఎత్తి చూశాడు. నా గుండె జారిపోయింది.

"ఇదేం నేత అండీ?" అన్నాడు మైకులో. "పేక చూడండి, ఈ అడ్డపోగు, ఎంత వదులుగా ఉందో. ఇట్టా ఊదితే అవతల పక్కకి గాలి పోతంది." నిజంగానే ఊదాడు. పిల్లలు గొల్లుమన్నారు. "అంచు ఒక పక్క గుంజేసింది. ఇట్టాంటిది మా ఇంట్లో నేస్తే మా నాయన పోగు తిప్పే నాడె తీసుకుని నెత్తి మీద కొట్టేవోడు. చలికి పనికిరాదు, చెమటకి పనికిరాదు. దీన్ని ఎవురు నేశారో గానీ, పని నేర్చుకోకుండా నేశారండీ."

సభలో అంతమంది ముందు నా పరువు గంగలో కలిసింది. ఏళ్ల తరబడి వేదికలెక్కిన దాన్ని, నన్ను పొగడకపోయినా పల్లెత్తు మాట అన్నవాళ్లు లేరు. కానీ ఒక్కటి చెప్పాలి. అన్ని సదస్సుల్లోనూ పిల్లలు గడ్డం ఎత్తి విన్నది ఆ రోజే.

శివనాగులుకు హుషారు వచ్చేసింది. నేత అంటే ఎలా ఉండాలో, రంగు ఎలా పట్టాలో, పోగు తెగితే కంటికి కనపడకుండా ఎలా అతకాలో చేతులు తిప్పుతూ చెప్పుకుపోయాడు. తాను ఎక్కడున్నాడో కూడా మరిచిపోయాడు. చివరికి కోటిలింగం గారి వైపు తిరిగి, అమాయకంగా అడిగాడు. "ఎన్ని చదువులొచ్చినయ్యి గదా సారూ. ఈ పనిని ఇట్టా పాడు చెయ్యకుండా సక్రమంగా నేర్పే చదువు ఒకటి లేదంటారా?"

కోటిలింగం గారు తెలుగు మాస్టారి వైపు చూశారు. తెలుగు మాస్టారు ఆకాశం వైపు చూశారు. ఏడో వరసలో భావన లేచి నిలబడింది.

"ఉంది నాన్నా!"

సభ అంతా వెనక్కి తిరిగింది. శాలువా కప్పిన పెద్దమనిషిని నాన్నా అన్నందుకు తెలుగు మాస్టారు కళ్లు పెద్దవి చేసి కోప్పడబోయారు.

"మిగతావాటిలో ఉంది. వెంకటగిరి చేనేత కాలేజీలో. పది పాసైతే చాలు, మూడేళ్లు డిప్లొమా."

శివనాగులు మైకు దించడం మరిచిపోయాడు. "ఇంత తెలిసినదానివి నాకెందుకు చెప్పలా?"

"చెప్పాను నాన్నా. నువ్వు మగ్గం ఆపలా."

ఆయన ఆ మైకులోనే, ఊరంతా వింటోందన్న ధ్యాస లేకుండా, "నా నడుం చూశావు గదమ్మా. పొద్దస్తమానం ఆ మగ్గం గుంటలో కూర్చుని కూర్చుని ఎట్టా అయిందో. నీ నడుం అట్టా కాకూడదనే గదా నా ఏడుపంతా" అన్నాడు. నా కొంగుతోనే కళ్లు తుడుచుకున్నాడు. నా బట్ట నీళ్లు కూడా సరిగా పీల్చదు. ఆ క్షణంలో నాకు నిజంగా సిగ్గేసింది.

"గుంటలో కూర్చోడానికి కాదు నాన్నా. నీకు నడుం నొప్పి రాని మగ్గం చెయ్యడం కూడా నేర్చుకుంటా" అంది ఆ పిల్ల.

చప్పట్లు ఎవరు మొదలెట్టారో తెలియదు. అసలు అతిథి చెమటలు కక్కుతూ వచ్చేసరికి సభ ఇంకా హోరెత్తుతూనే ఉంది. కోటిలింగం గారు ఆయన ముందు చేతులు నలుపుకుంటూ, "క్షమించాలి, శాలువా అయిపోయిందండీ" అన్నారు. ఆ పెద్దాయన ముఖం వెలిగిపోయింది. "బతికించారు! మా ఇంట్లో బీరువా తలుపు మూతపడటం లేదు" అన్నారు. ఆయన ఎంపీసీ దగ్గర మొదలెట్టబోతే పిల్లలు, "మిగతావి చెప్పండి సార్" అని ఒకటే గోల. చేపల పెంపకం దగ్గర్నుంచి పశువుల వైద్యం దాకా, ఒక్కో ప్రశ్నకూ ఫోను తీసి వెతుక్కుంటూ ఆయన చెప్పవలసి వచ్చింది. భోజనాలు చల్లారిపోయాయి. నా కుతూహలం కూడా తీరింది.

సాయంత్రం కాలేజీ మనిషి వచ్చాడు. శివనాగులు ఆయనకు మంచినీళ్లిచ్చి, కూర్చోబెట్టి, నన్ను చూపించి, ఇందులో ఉన్న తప్పులేమిటో వివరించాడు. ఆయన పేరు రాసుకోకుండానే లేచి వెళ్లిపోయాడు.

భావన వెంకటగిరి కాలేజీకి బయల్దేరిన రోజు శివనాగులు నన్ను మడిచి సంచిలో పెడుతూ, "చలేస్తే కప్పుకో" అన్నాడు. చలికి పనికిరాదని మైకులో చెప్పింది ఆయనే. తండ్రులంతే. అక్కడ ఒక రోజు మేడం గారు, నేతలో లోపాలున్న గుడ్డ ముక్క ఏదైనా తెండి అన్నారు. తరగతిలో అందరూ తలా ఒక ముక్క తెచ్చారు. భావన నన్ను తెచ్చింది. నన్ను భూతద్దం కింద పరిచి చూసి మేడం గారు ముచ్చటపడిపోయారు. ఉండగలిగిన లోపాలన్నీ ఒకే చోట దొరకడం అరుదట.

ఇప్పుడు నేను ఆ కాలేజీ వరండాలో అద్దాల అల్మరాలో ఉంటున్నాను. కింద 'ఇలా నేయకూడదు' అని చీటీ. పదో తరగతి పిల్లలు గుంపులుగా వస్తారు, ముక్కులు అద్దానికి ఆనించి నన్ను చూస్తారు. ఎన్నో సదస్సుల్లో ఎందరో భుజాల మీద కూర్చుని ఒక్కరికీ దారి చూపలేకపోయిన దాన్ని, నా తప్పులతో రోజూ పాఠం చెబుతున్నాను. బీరువాలో ఊపిరాడక నలిగేకంటే ఇది వెయ్యి రెట్లు నయం.

మొన్న తల్లిదండ్రుల సమావేశానికి శివనాగులు వచ్చాడు. అదే తెల్ల చొక్కా. కూతురు తను గీసిన డిజైన్లు చూపిస్తుంటే తలూపుతూ నడిచి, నా దగ్గరికొచ్చి ఆగిపోయాడు. చీటీ చదివాడు. కళ్లజోడు సర్దుకుని మళ్లీ చదివాడు. పక్కన ఎవరో కొత్త పిల్లాడి తండ్రి నన్ను చూసి నవ్వుతుంటే, ఆయన భుజం తట్టి, ఛాతీ విరుచుకుని చెప్పాడు:

"అది నాకు కప్పిందేనండీ."