నాలుగు బుధవారాలు, ఒక గురువారం

జుట్టులో ఎండిపోయిన జిగురు వదలాలంటే గోరువెచ్చటి నీళ్ళు కావాలి, ఓపిక కావాలి. ఆ గురువారం పొద్దున నాకు రెండూ లేవు. స్టవ్ మీద పాలు, ఇస్త్రీ బల్ల మీద ఆయన చొక్కా, ఒక్క మేజోడు మాత్రమే దొరికిన పాప. వీటి మధ్య తడి తలతో పరుగులు పెడుతుంటే అత్తయ్య గుమ్మంలో నిలబడి, "ఊళ్ళోవాళ్ళ బుర్రలు చూసింది చాలక నీ బుర్ర కూడా అప్పజెప్పొచ్చావా?" అన్నారు. ఆయన పేపర్లోంచి తలెత్తకుండా, "ఆ బుర్రలో వాళ్ళకేం దొరుకుతుందమ్మా? మొన్న ఉద్యోగం మానేస్తానంది, నిన్న ఆలోచిస్తానంది. పూటకో మాట," అన్నారు. ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను. నా మీద వేసిన జోకుకి అందరికంటే ముందు నవ్వడం నాకు పెళ్ళయిన కొత్తలోనే అలవాటైపోయింది.

రాజీనామా ఉత్తరం ఆయనే టైపు చేసి నా బ్యాగులో పెట్టారు. సంతకం ఒక్కటే నా వంతు. అత్తయ్యకి మోకాళ్ళ నొప్పులు, పాపకి లెక్కల్లో మార్కులు తగ్గాయి, ఇల్లు ఇల్లులా లేదు. వీటన్నిటికీ మందు నేను ఇంట్లో ఉండటమే అని నెల రోజుల్లో నాలుగుసార్లు చెప్పారు. నాలుగుసార్లూ "సరే, చూద్దాం," అన్నాను. మర్నాడు మామూలుగా ఆసుపత్రికి వెళ్ళిపోయాను. దాంతో నేను మాట మీద నిలబడని మనిషినని ఇంట్లో ఖాయమైపోయింది. వినగా వినగా నాకూ అదే నిజమనిపించింది. కూరలో ఉప్పు వేశానో లేదో గుర్తుండదు, పాపను కసిరిన రెండు నిమిషాలకే ఏడుపొస్తుంది. పెళ్ళికి ముందున్న ఆ మనిషి ఎటు పోయిందో నేనే చెప్పలేను.

తొమ్మిదేళ్ళుగా నా పని మెదడు తరంగాలు తీయడం. టేపుతో తల కొలిచి, పెన్సిలుతో గుర్తులు పెట్టి, ఒక్కో చోట చర్మం రుద్ది, జిగురుతో ఇరవయ్యొక్క తీగలు అతికిస్తాను. ఈమధ్య మా డాక్టరుగారు ఒక పరిశోధన మొదలుపెట్టారు. ఒకే మనిషికి వారానికోసారి, మళ్ళీ మళ్ళీ తీస్తే తరంగాలు ఎంతవరకు ఒకేలా వస్తాయన్నది ప్రశ్న. దానికి కూర్చునేవాళ్ళలో ఒకరు తక్కువయ్యారు. "నువ్వే కూర్చోరాదూ," అన్నారు. నాలుగు బుధవారాలు కూర్చున్నాను, మా జూనియర్ అమ్మాయి తీసింది. ఒక బుధవారం పాప జ్వరంతో రెండు రాత్రులు నిద్ర లేదు. ఒక బుధవారం బస్సులో ఏడ్చి మొహం కడుక్కుని వచ్చాను. మూడోసారి కారణం లేకుండానే హాయిగా ఉంది. ఆఖరిది, ఆయన నా బ్యాగులో ఉత్తరం పెట్టిన రోజు.

ఆ గురువారం నేను వెళ్ళేసరికి డాక్టరుగారు కంప్యూటరు ముందు ఉన్నారు, కుర్చీ కూడా చూపించలేదు. "ఏంటమ్మా ఇది? ఒక్క రికార్డింగునే నాలుగు తేదీలతో ఎక్కించారా?"

ఒక్కోసారి తీసిన తరంగాల్లో ఏ వేగానివి ఎంత బలంగా ఉన్నాయో కంప్యూటరు ఒక్కో గీతగా వేస్తుంది. తెర మీద మిగతావాళ్ళ గీతలు నాలుగూ దగ్గరదగ్గరగా, అయినా విడివిడిగా ఉన్నాయి. నావి మాత్రం కలిసిపోయి లావుపాటి ఒక్క గీతలా ఉన్నాయి.

"లేదు సార్. నాలుగుసార్లూ కూర్చున్నాను."

"మీవారు ఫోన్ చేశారు. మానేస్తున్నావటగా. వెళ్ళిపోయే ముందు ఏదో తూతూమంత్రంగా..."

మిగతాది నాకు వినపడలేదు. నేనింకా సంతకమే పెట్టలేదు. నా బదులు ఆయన మానేశారు, నా బదులు ఈయన ఒప్పేసుకున్నారు. ఒళ్ళు మండిపోయింది.

"అయిదోది మీరే తీయండి సార్. ఇప్పుడే, మీ చేత్తోనే."

డాక్టరుగారు ఎప్పుడూ ఒక్క తీగ కూడా అతికించి ఎరగరు. టేపు పట్టుకుని నా మొహం మీద తచ్చాడుతుంటే, "ముక్కు మొదట్లోంచి సార్, అది కనుబొమ," అన్నాను. నేను ఇరవై నిమిషాల్లో చేసేది గంట చేశారు. జూనియర్ అమ్మాయి గోడవైపు తిరిగి నవ్వాపుకుంది.

కళ్ళు మూసుకున్నాను. కోపం తగ్గలేదు. ఇవాళ గీత తప్పకుండా వేరేగా వస్తుందనుకున్నాను. వస్తే ఇక్కడ దొంగనవుతాను, అంతకంటే భయం, ఇంట్లోవాళ్ళు అన్నదే నిజమవుతుంది.

కొత్త గీత ఎడమ నుంచి బయల్దేరింది. కిందుగా వచ్చి, కొండలా లేచి, మళ్ళీ దిగింది. డాక్టరుగారు దాన్ని పాత నాలుగింటి మీద పెట్టారు. వెళ్ళి వాటిలో కలిసిపోయింది. ఆయన తెర మీది బొమ్మను పెద్దది చేస్తూ పోయారు. అప్పుడు కనపడింది, అయిదూ వెంట్రుకవాసి తేడాతో వేరు వేరు గీతలు. నిద్ర లేని బుధవారం కొండ కొంచెం పొట్టిదయింది. శిఖరం మాత్రం అయిదుసార్లూ అక్కడే. "ఇంత దగ్గరగా రావడం నేను చూడలేదమ్మా. క్షమించు," అన్నారు మెల్లగా.

నేను ఆ తెర ముందు నుంచి కదలలేకపోయాను. వేల తలలు చూశాను, నాది మాత్రం ఒక్కసారీ నిలబడి చూసుకోలేదు. ఆ గీత మనసు కాదని నాకు తెలుసు, నేనేం అనుకుంటున్నానో దానికి తెలియదు. అయినా తెర మీద దాని వెంట వేలు పోనిచ్చాను. బస్సులో ఏడ్చినప్పుడు ఇది ఉంది. జోకులకి నవ్వినప్పుడు ఉంది. నేను పోయాననుకుని వెతుక్కున్నన్నాళ్ళూ ఎవరూ కాపలా కాయకుండా, ఎవరూ మెచ్చుకోకుండా ఇది ఇలాగే ఉంది. అంత అద్భుతం నా జుట్టు కిందే ఉంటే, పొద్దున దాని మీది జిగురు గోకి పారేస్తూ విసుక్కున్నాను.

సాయంత్రం ఆయన చెప్పులు విప్పుతూనే అడిగారు. "ఉత్తరం ఇచ్చేశావా?"

"లేదు."

"మళ్ళీ మాట మార్చావా?"

"మార్చలేదండీ. మీరు అడిగిన నాలుగుసార్లూ మానకూడదనే అనుకున్నాను. ఇవాళ పైకి అంటున్నాను, అంతే."