గుమ్మం దగ్గర సోదా

పాత పుస్తకంలో పురుగు తొలిచిన కన్నానికి అతుకు వెయ్యాలంటే కాగితాన్ని కత్తిరించకూడదు, చించాలి. చించిన అంచుకి నూగు లేస్తుంది. పాత కాగితాన్ని పట్టుకునేది ఆ నూగే. మేస్త్రి యూ పొద్దున్నించి పదిహేడో కన్నం పూడుస్తున్నాడు. మేక వెంట్రుకల కుంచెను గోధుమ గంజిలో ముంచి, గిన్నె అంచుకి రెండుసార్లు రాసి, కన్నం చుట్టూ తడి అద్దాడు. ముక్క పెట్టి చిటికెనవేలి గోటితో నొక్కాడు. ఆ గోరు ఒక్కటే పెంచాడు. తక్కిన తొమ్మిదీ గంజికి నాని, తెల్లగా ఉబ్బిన బఠాణీల్లా ఉంటాయి.

గూ పెద్దాయన తన మేడలో తాళాల వెనక దాచిన డెబ్బై వేల పుస్తకాల్ని ఊరికి రాసిచ్చి, తలుపులు తెరిచి పద్నాలుగేళ్లు. పుస్తకం ఎవరి చేతిలోనూ ఈ గుమ్మం దాటకూడదని రాతి మీద చెక్కించాడు. బయటికెళ్లే ప్రతివాణ్ణీ సోదా చెయ్యమన్నాడు. రోజూ సాయంత్రం తనే ముందు చేతులెత్తి నిలబడేవాడు. ఆయన పోయాక పట్టుబట్టల వాళ్లకి సోదా ఎప్పుడు ఆగిందో ఎవరూ చెప్పలేరు. నీలం నూలు చొక్కాల పనివాళ్లకి మాత్రం ఆగలేదు.

ఎలుకల భయంతో లోపల అన్నం తిననివ్వరు. మధ్యాహ్నం యూ గిన్నె పట్టుకుని కాలవ మెట్ల మీదికి బయల్దేరాడు.

"చేతులెత్తు అన్నా," అన్నాడు కాపలా తావ్.

"ఏనాడైనా దించనిచ్చావా?"

తావ్ చంకలు తడిమి, గిన్నె మూత తీశాడు. "మళ్లీ ఎండు ఆవకూరేనా? వదినకి ఇంకోటి చేతకాదా?"

"పద్నాలుగేళ్లుగా నా బువ్వలో పుస్తకం వెతుకుతున్నావు. దొరికితే చెప్పరా, నేనూ చదువుకుంటా."

యూ మెట్ల మీద తింటూ ఉండగానే నల్ల కప్పు పడవ వచ్చి ఆగింది. దిగినవాడు రాష్ట్ర విద్యాశాఖ ఇన్‌స్పెక్టరు. పుస్తకశాలకి ఇప్పటి అధ్యక్షుడైన గూ పెద్దాయన అన్న కొడుకు మెట్ల దాకా పరిగెత్తుకొచ్చాడు. ఇద్దరూ లోపల రెండు కూజాల టీ తాగారు.

మూడో జాము దాటాక ఇన్‌స్పెక్టరు నౌకరు నీలం గుడ్డ మూట భుజాన వేసుకుని వసారాలోకి వచ్చాడు. మూట చివర తొలగి పుస్తకాల వెన్నులు కనబడుతున్నాయి. ఆ కుట్టు యూ వేసిందే. జిల్లా పాత చరిత్ర, పన్నెండు సంపుటాలు. అచ్చుచెక్కలు ఎప్పుడో కాలిపోయాయి, మిగిలిన ప్రతి ఇదొక్కటే. నాలుగేళ్లు కూర్చుని దాన్ని బతికించాడు. నిన్ననే, ఎగువ ఊరితో నీటి తగాదా ఉన్న ఇద్దరు రైతులొచ్చారు. ఎగువ తూము ఏ నెలలో తెరవాలో అందులో ఉందట. వాళ్లకి చదువు రాదు. యూ వేలు పెట్టి చదివితే మూడుసార్లు చదివించుకుని, ఇరవయ్యో తేదీన ఇరుపక్షాల పెద్దల్నీ తెచ్చి చూపిస్తామని వెళ్లారు.

మూట వెనకే వస్తున్న అధ్యక్షుడికి యూ అడ్డం వెళ్లాడు. "ఎక్కడికి బాబూ అవి?"

"చూసి పంపిస్తారు. మూడు నెలలు."

"నిరుడు వెళ్లినవి రాలేదు. అంతకుముందు ఏడాది వెళ్లినవీ రాలేదు."

"మేస్త్రీ, నీ పని అతికించడం."

"ఇరవయ్యో తేదీకి వాళ్లొస్తే ఏం చూపించమంటారు? నా గోళ్లా?"

అధ్యక్షుడు నవ్వుతూ ఇన్‌స్పెక్టరు వైపు తిరిగాడు. "పాతవాడండీ. నోరు కాస్త దురుసు."

యూ వాళ్లకంటే ముందే గుమ్మం చేరి చేతులెత్తాడు. "సోదా చెయ్యి తావ్. నా తర్వాత ఇన్‌స్పెక్టరు గారు. ఆయన తర్వాత ఆ మూట."

తావ్ చేతులు అతని చంకల దాకా వచ్చి ఆగిపోయాయి. "అన్నా, నా పిల్లల మొహం చూడు."

"వాళ్ల మొహం చూసే అంటున్నా. ఆ రాతి మీద పనివాళ్లని మాత్రమే అని రాసుందా? చదువు."

చదివే గదిలోంచి నలుగురు తలలు బయటపెట్టారు. ఒక్కడూ గడప దాటి రాలేదు. ఇన్‌స్పెక్టరు గొడుగు విప్పుకుని, దారిలో బురదని తప్పించుకున్నట్టు యూని తప్పించుకుని వెళ్లాడు. వెనకే మూట వెళ్లింది. తావ్ వంగి దండం పెట్టాడు. లేచేసరికి కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"పూర్తిగా చెయ్యరా నా సోదా," అన్నాడు యూ. "రేపు ఏ పుస్తకం కనబడకపోయినా మేస్త్రి ఎత్తుకుపోయాడంటారు." చొక్కా చేతుల మడతలు విప్పి దులిపాడు. నడుంగుడ్డ విప్పి దులిపాడు. చెప్పులు విడిచి, ఒక్కోటీ తిరగేసి, అరుగు రాతికేసి కొట్టాడు. రాలింది దుమ్మే. "చూశావుగా? ఇక నన్ను వెతికే పని నీకుండదు."

చెప్పులు అక్కడే వదిలి, కాలవ గట్టున వట్టికాళ్లతోనే పోయాడు. తావ్ పిలిచాడు, రెండుసార్లు. యూ తిరిగి చూడలేదు. మర్నాడు రాలేదు, ఇరవయ్యో తేదీకీ రాలేదు.

ఆ చెప్పుల్ని తీసి పారెయ్యమని అధ్యక్షుడు రెండుసార్లు చెప్పించాడు. తావ్ చెయ్యి వెయ్యలేదు. అరుగు మీద, గంజి పడి అట్టల్లా గట్టిపడిన ఆ గుడ్డ చెప్పులు బోర్లా పడి ఉన్నాయి, మడమల దగ్గర అరిగి, ఎడమదానికి దగ్గరదగ్గర కుట్లతో వేసిన గుండ్రటి మాసిక.