వదులు చేసిన సాక్సు

ఇరుకుగా ఉన్న గుడ్డ కనబడితే దర్జీ చెయ్యి ఊరుకోదు. వాపు కాలికి వేసుకోమని ఆస్పత్రిలో ఇచ్చిన బిగుతు సాక్సును ఇంటికి తెచ్చిన రోజే ఆమె పిక్క దగ్గర కుట్టు విప్పి, మెత్తగా సాగే ముక్క ఒకటి అతికించి, హాయిగా తొడుక్కుంది. పని శుభ్రంగా కుదిరిందని మురిసిపోయింది కూడా. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. కానీ ఆ సంగతి ఆమెకు ఎవరు చెప్పాలి?

ఆ కాలు ఆమెకు తల్లి నుంచి వచ్చింది. తల్లికి అమ్మమ్మ నుంచి. "మా ఇంటి ఆడవాళ్ళ కాళ్ళు దిట్టం" అని ఇంటిల్లిపాదీ గొప్పగా చెప్పుకునేవారు. వాపు చూసి బలుపనుకోవద్దని లోకానికంతా నీతులు చెప్తాం గానీ, సొంతింటి వాపు దగ్గరికొచ్చేసరికి ఆ సామెత గుర్తుకు రాదు. ఇప్పుడు ఆమెకు తన కాలి దిగులు లేదు. కూతురి ఎడమ చీలమండ కొన్నాళ్ళుగా సాయంత్రమయ్యేసరికి ఉబ్బుతోంది. అదీ ఆ దిట్టమేనా, కాదా? అది తేల్చుకోవాలనే ఈసారి ఆస్పత్రికి పిల్లను వెంట తీసుకెళ్ళింది.

ఫిజియోథెరపిస్టు సాక్సును తిరగేసి చూసి, "ఈ ముక్క ఎవరు వేశారమ్మా?" అంది.

"నేనే. మరీ పట్టేస్తుంటే వదులు చేశాను."

"బాగా కుట్టారు. కానీ పట్టెయ్యడమే దీని పని."

ఆ మాట ఆమెకు మింగుడుపడలేదు. ఉబ్బినదానికి చోటివ్వాలి గానీ నొక్కిపెడతారా?

"నీళ్ళు తాగడం కూడా తగ్గించానండీ. కాలికి నీరు పట్టిందన్నారు కదా."

"తాగే నీళ్ళకీ దీనికీ సంబంధం లేదు. దాహమైతే తాగండి. ఒంట్లో మిగిలిన ద్రవాన్ని వెనక్కి తీసుకెళ్ళే సన్నటి దారులుంటాయి. మీ ఇంట్లో కొందరికి అవి పుట్టుకతోనే సరిగ్గా ఏర్పడలేదు. బయటినుంచి బిగింపు ఉంటే ఆ ద్రవం పైకి కదులుతుంది."

"అంటే బోదకాలేగా?"

"కాదమ్మా. ఇది దోమ తెచ్చింది కాదు, అంటుకునేదీ కాదు."

"మరి పోతుందా?"

"పూర్తిగా పోదు. అదుపులో పెట్టుకోవచ్చు. చర్మం పగలకుండా చూసుకోవాలి, నడవాలి, సాక్సు మానకూడదు."

అంటదట, కానీ వస్తుందట. పోదట, కానీ ఆగుతుందట. ఏ మాటా ఆమెకు ఇంకో మాటతో అతకలేదు.

ఇంతలో ఫిజియోథెరపిస్టు పిల్ల చీలమండను బొటనవేలితో కాసేపు నొక్కి వదిలింది. గుంట పడింది. పడ్డది పడ్డట్టే ఉండిపోయింది.

"దీనికీ ఉందా?" అంది తల్లి.

"ఉన్నట్టే ఉంది. డాక్టరుగారు పరీక్ష చేసి చెప్తారు. తొందరగా తీసుకొచ్చారు, మంచిదే."

"అమ్మ నా చెప్పు పట్టీ ఎప్పటికప్పుడు వదులు చేస్తూనే ఉందండీ," అంది పిల్ల, అమ్మను మెచ్చుకుంటూ.

ఆ మెప్పు ఆమె గుండెలో ముల్లులా దిగింది. తన చేతులకు ఎప్పుడో తెలిసింది. తనకే తెలియలేదు. తెలిసీ వద్దనుకుందేమో, అదీ తెలియలేదు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో అంతకన్నా తెలియలేదు.

"పిల్ల రెండు కాళ్ళ కొలతా తీసి తేడా చూద్దాం," అంది ఫిజియోథెరపిస్టు.

"నేను తీస్తాను," అని ఆమె టేపు అందుకుని పిల్ల కాలి చుట్టూ తిప్పింది. అలవాటుగా రెండు వేళ్ళు టేపు కిందికి వెళ్ళాయి.

"వేళ్ళు తియ్యండమ్మా."

ఆమె తియ్యలేదు. ఇన్నేళ్ళలో ఎవరికి కొలత తీసినా ఆ వేళ్ళు అక్కడే ఉండేవి. ఒంటికీ గుడ్డకీ మధ్య ఊపిరాడే చోటు వాటిది. పిల్ల తల్లి ముఖంలోకి చూసి, తనే వంగి, ఆ వేళ్ళను ఒక్కొక్కటిగా బయటికి లాగింది.