పాటలపెట్టెకు కొత్త డిస్కులు

బెంగళూరు మడివాళ దగ్గరున్న ఆ తెలుగు చర్చిలో పాటలు పాడే క్వయర్‌లో సగానికి పైగా నర్సులే. ఒకరికి పగలు డ్యూటీ అయితే ఇంకొకరికి రాత్రి. అందరూ కలిసి ప్రాక్టీసు చేయడమన్నది ఏనాడూ కుదరలేదు. అయినా క్రిస్మస్ ఆరాధనలో వాళ్లు పాడితే గొంతులన్నీ ఒకే ఇంట్లో పెరిగినట్టు ఉండేవి. అందుకు కారణం ప్రమీల ఇంట్లో, టీవీ కింద ఉన్న ఓ చిన్న నల్ల పెట్టె.

ప్రమీల ఆపరేషన్ థియేటర్ నర్సు. ఆమె భర్త సుందరరావు లెక్కల మాస్టరు, క్వయర్ లీడరు. ప్రతి పాటలోనూ సోప్రానో, ఆల్టో అనే ఆడగొంతుల వరసల్ని, టెనర్, బేస్ అనే మగగొంతుల వరసల్ని అతను విడివిడిగా పాడించి రికార్డు చేసేవాడు. వాటిని ఆమె ఆ పెట్టెలో, అంటే ఇంటి సర్వర్‌లో పెట్టేది. ఎవరి వరస వాళ్లు బస్సులోనో, హాస్టల్ గదిలోనో ఫోన్లో విని నేర్చుకునేవారు. ఇంట్లో చూసే సినిమాలూ, పిల్లల వీడియోలూ కూడా ఆ పెట్టెలోనే. దాన్ని ఆమెకు ఎవరూ బిగించి ఇవ్వలేదు. తనే చదువుకుని, రెండుసార్లు చెడగొట్టి, మళ్లీ మొదలుపెట్టి నిలబెట్టుకుంది.

ఈసారి నవంబరు వచ్చేసరికి అది నిండిపోయింది. కొత్త పాట ఎక్కడం లేదు.

"పాతవి తీసేద్దాం ప్రమీలా. పదేళ్ల నాటి పాటలు ఇప్పుడెవరు వింటారు?" అన్నాడు సుందరరావు.

"కొత్తగా చేరినవాళ్లు వింటారండీ. ఆ నర్సమ్మాయి ఏంజెల్ చేరిన వారానికే పాటలన్నీ పాడేస్తుంటే మీరే ఆశ్చర్యపోలేదూ? ఏదీ తీయొద్దు. పెద్ద డిస్కులు వేద్దాం."

సెలవు రోజు చూసుకుని ఇద్దరూ నగర్తపేట వైపు ఉన్న మంజునాథ్ కంప్యూటర్ సామాన్ల కొట్టుకి వెళ్లారు. అతను ముందు ఒక వాడిన డిస్కు చూపించాడు. "బాగుండాది అక్కా, రేటూ తక్కువే."

"పాటలు పెట్టుకునేది మంజునాథ్, కొత్తదే ఇవ్వు" అంటూ ఆమె సీలు, వారంటీ చూసి రెండు డిస్కులు ఎంచుకుంది.

మంజునాథ్ నవ్వాడు. "నీకు చెప్పేకి నేనెవుర్ని అక్కా! సార్, మీరు ఊరికే సంచి పట్టుకోండప్పా."

సర్వర్లో రెండు డిస్కులుంటాయి. ఒకదాంట్లో ఉన్నదే రెండోదాంట్లోనూ ఉంటుంది. ఒకటి తీసి దాని చోట పెద్దది పెడితే, మిగిలిన పాతది తనలో ఉన్నదంతా కొత్తదానికి ఎక్కిస్తుంది. అది పూర్తయ్యాక రెండోదాన్ని మార్చాలి. శనివారం పొద్దున ప్రమీల క్వయర్ గ్రూపులో, ఇవాళ ఎవరూ ఏమీ పంపొద్దని మెసేజ్ పెట్టింది. పెట్టె ఆపి, ఒక పాత డిస్కు తీసి, స్పాంజి ఉన్న అట్టపెట్టెలో పెట్టింది. కొత్తది బిగించింది. కాపీ మొదలైంది.

సుందరరావు ఆ అట్టపెట్టె అందుకున్నాడు. "ఇది ఖాళీయే కదా, చెరిపి ఇవ్వు. స్కూలు వీడియోలు వేసుకుంటా."

"ఖాళీ కాదు. అక్కడ కాపీ పూర్తయ్యేదాకా దాన్ని ముట్టుకోవద్దు." డ్యూటీలో జూనియర్లతో మాట్లాడే గొంతు అది. అతను అట్టపెట్టె కింద పెట్టేశాడు.

మధ్యాహ్నం భోజనాలవుతుండగా పెట్టెలోంచి టిక్కు టిక్కుమని చప్పుడు వచ్చింది. ఎర్రలైటు వెలిగింది. మిగిలిన పాత డిస్కు పాడైంది. కాపీ సగంలో ఆగిపోయింది.

సుందరరావు కంచం ముందునుంచి లేచాడు. "అన్నీ పోయాయా? క్రిస్మస్ పాటలు కూడానా?"

ప్రమీల లేచింది. పెట్టె ఆపింది. చేతులు కడుక్కుంది. స్టవ్ మీద టీ పెట్టింది.

"ఇప్పుడు టీ ఏమిటే!"

"చేతులు వణుకుతున్నాయండీ. ఈ చేతులతో ముట్టుకుంటే ఇంకో తప్పు చేస్తా."

థియేటర్లో ఆమె ఎలా ఉంటుందో అతను ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు చూస్తున్నాననిపించింది.

టీ తాగాక ఆమె పాడైన డిస్కు తీసేసింది. అట్టపెట్టెలోని పాత డిస్కును దాని చోట పెట్టింది. సగం ఎక్కిన కొత్తదాన్ని పూర్తిగా చెరిపి, కాపీ మొదటినుంచి మొదలుపెట్టింది. పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుని, చీకటి పడేదాకా లేవలేదు. పచ్చలైటు వెలిగాక కూడా నమ్మలేదు. అక్కడో పాట, ఇక్కడో పాట తెరిచి మొదలూ చివరా విన్నది. ఒక ఆల్టో వరస తనూ మెల్లగా అందుకుంది. అప్పుడు నవ్వింది.

ఆదివారం మధ్యాహ్నానికి రెండో కొత్త డిస్కూ ఎక్కింది. పెట్టె నిండా చోటు. సుందరరావు కొత్త పాట వరసలు పంపాడు.

క్రిస్మస్ ఆరాధనకి ఏంజెల్ డ్యూటీ దిగి నేరుగా వచ్చింది. అందరితో ఒక్కసారి కూడా కలిసి పాడని ఆ పాటని ఒక్క తడబాటు లేకుండా పాడింది. వెనక బల్లల మీద కూర్చున్నవాళ్లు కూడా లేచి నిలబడ్డారు.

అంతటితో ప్రమీల ఊరుకోలేదు. జనవరిలో ఇంకో డిస్కు కొని పాటలన్నీ ఎక్కించింది. "రెండూ ఒకే పెట్టెలో ఉంటే, పెట్టెకే ఏమైనా అయితే? ఇది ఏంజెల్ వాళ్లింట్లో ఉండాలి" అంది.

దాన్ని తువ్వాల్లో చుట్టి సుందరరావే ఏంజెల్ ఉండే కాటన్‌పేట బస్సెక్కాడు. ఒళ్లో అంత పదిలంగా పట్టుకున్నదేమిటని పక్క సీటాయన అడిగాడు.

"మా క్వయర్ అండీ" అన్నాడు సుందరరావు. "మా ఆవిడ కాపాడింది."