కుడి దూలం గురించి నేను చెప్పిన అబద్ధం

నేను ఒక స్ట్రెయిన్ గేజిని. గోరంత పొర మీద సన్నని తీగను మడతలు మడతలుగా పరిచి నన్ను తయారుచేశారు. నన్ను ఇనుముకు అతికిస్తే, బరువుకు అది సాగినప్పుడు నేనూ సాగుతాను. అప్పుడు నా తీగలో కరెంటుకు అడ్డు పెరుగుతుంది. దాన్నిబట్టి ఇనుము ఎంత సాగిందో మీటరు చూపిస్తుంది. మనిషి కంటికి అందనిది నాకు అందుతుందని ఒకప్పుడు చాలా గర్వపడ్డాను. ఇప్పుడా మాట చెప్పుకోవడానికే సిగ్గేస్తోంది.

నెల్లూరు దగ్గర కాలువ మీద కొత్తగా కట్టిన కాలినడక వంతెనకు, కుడివైపు దూలం మీద నన్ను అతికించింది ఇంజనీరు సుభాషిణి. చినుకులు పడుతున్నాయి. దూలాన్ని తుడిచి బాగా ఆరనివ్వాలి. ఆమె తొందరలో ఒక్కసారి తుడిచి, జిగురు రాసి, బొటనవేలితో నొక్కేసింది. నా ఒక చివర తడి మీదే పడింది.

మర్నాడు ఉదయం ఇసుక బస్తాలు పేర్చి వంతెనను పరీక్షించారు. దూలం సాగుతోంది. జిగురు ఊడిన నేను మాత్రం సాగలేదు.

కింద నిలబడ్డ వెల్డరు మస్తానయ్య కేకేశాడు. "అమ్మా, కుడి దూలం వొంగతా ఉండాది. బస్తాలు ఆపండి!"

"రీడింగు మామూలుగానే ఉంది మస్తానయ్యా. ఇంకో పది వేయించండి," అంది పైన మీటరు చూస్తున్న సుభాషిణి.

"మీటరు సంగతి నాకు తెలవదమ్మా. నా కళ్లకి కనపడతా ఉండాది."

ఆయన దూలం కింద జాకీ పెట్టబోయాడు. అంతలోనే దూలం మడతపడింది. ఆయన కుడిచెయ్యి దాని కింద నలిగిపోయింది.

మస్తానయ్య వెల్డింగు అతుకు సరిగా వేయలేదని విచారణలో కాంట్రాక్టరు అన్నాడు. ఆ మధ్యాహ్నం సుభాషిణి ఒంటరిగా వెళ్లి నన్ను బ్లేడుతో ఊడదీసింది. నా కింద జిగురు పట్టని నీటి మరక చూసింది. నన్ను కాలువలో పారేస్తే ఎవరికీ తెలిసేది కాదు. పారేస్తే బాగుండునని నేనూ అనుకున్నాను. కానీ ఆమె నన్ను విచారణ అధికారి బల్ల మీద పెట్టింది.

"అతుకు చెక్కుచెదరలేదు సార్. దూలానికి పలచటి రేకు వాడారు, అది వంగింది. ఆయన ముందే చెప్పాడు. ఆరకుండా గేజి అతికించింది నేను. ఆయన మాట వినకుండా దాన్ని నమ్మిందీ నేనే."

ఆస్పత్రిలో మస్తానయ్య ముందు ఆమె తలెత్తలేకపోయింది.

"ఒక్కసారి కిందికొచ్చి చూసుంటే సరిపోయేది కదమ్మా," అన్నాడాయన.

తన వాంగ్మూలం మీద ఎడమచేత్తో సంతకం పెట్టాడు. నాలుగక్షరాల పేరుకు చాలాసేపు పట్టింది. కాగితం జరగకుండా సుభాషిణి పట్టుకుంది. ఆ కాగితానికే పిన్ను చేసిన కవరులో ఉన్న నాకు, ముఖం దాచుకునే చోటు లేకపోయింది.