గడి లేని ఇద్దరు

ఎడ్వర్డ్ గని నౌకరి నుంచి దిగిపోను రెండు నెలలుంది. దిగిపోతే క్వార్టర్ ఖాళీ చెయ్యాలె. రామకృష్ణాపూర్ల అక్క లిల్లీ ఇంటికి పోత అంటడు.

"మరి నేనో?" అన్న.

"నిన్ను ఎవరని చెప్పాలె?" అన్నడు.

పద్దెనిమిదేండ్లు ఒక్క మంచం మీద పండుకున్నోడు అడగాల్సిన మాటేనా అది? ఆ దినం సంది మాటల్లేవు.

నెల తిరిగేసరికి కమ్యూనిటీ హాలు ముందు బ్యానర్ కట్టిన్రు: దంపతుల సమస్యలపై పరిశోధన, ఉచిత కౌన్సెలింగ్, అందరూ రావచ్చు. ఐదు దాక సదివినోన్ని, అందరంటే అందరనే అనుకున్న. ఎడ్వర్డును గుంజుకపోయిన. చర్చికేసుకునే అంగీ ఏసుకున్నడు, పాపం.

పట్నం నుంచి వచ్చిన పరిశోధన పిల్ల, పేరు సహస్ర, నవ్వుకుంట కూసోమన్నది.

"మీ మిసెస్‌లు రాలేదా అంకుల్?"

"మేమిద్దరమే బిడ్డా. పద్దెనిమిదేండ్ల సంది."

పిల్ల పెన్ను ఆగింది. మొఖం మాత్రం మారలే. సదువుకున్నోళ్ల మొఖాలు మారవు. "నాకేం అభ్యంతరం లేదు అంకుల్, చాలా గౌరవం. కానీ ఫారంలో భర్త, భార్య, రెండే గడులున్నాయి."

"ఇద్దర్ని భర్త గడిల రాయి."

"అలా రాస్తే లెక్క చెడుతుంది. డేటా క్లీన్ చేసేటప్పుడు మిమ్మల్ని ఎలాగూ తీసేస్తారు."

"ఏరేస్తరా? బొగ్గుల రాయి లెక్క?"

నాది అదే పని, బొగ్గు పోయే బెల్టు పక్కన నిలబడి రాయి ఏరుడు. జల్దిల శాన మంచి బొగ్గును గూడ రాయని పారేసిన.

"కౌన్సెలింగన్న చెయ్యి బిడ్డా. ఈయన నన్నిడిసి పోతనంటున్నడు."

"ఫారంలో ఉన్నవాళ్లకే అంకుల్." చెరొక బిస్కెట్ పుడ చేతిల పెట్టింది. "మీ గురించి వేరే పరిశోధన జరగాలి. నివేదిక చివర ఒక వాక్యం రాస్తాను."

బయటికొచ్చినంక ఎడ్వర్డ్ నోరు తెరిచిండు. "సూసినవా లింగమూర్తీ? అంత సదివిన పిల్లకే మనమేందో రాయొస్తలేదు. మా అక్కకు నేనెట్ల చెప్పాలె?"

నెల గడిసింది, ఆయన ట్రంకు పెట్టె ఆటో ఎక్కింది.

మొన్న అదే హాలుల నివేదిక సదివిన్రు. మా కాలనీల కాపురాలు మస్తు గట్టియట. విడిపోయిన జంటలు సున్నా అట. చివరి వాక్యం కోసం చెవులు నిక్కబొడిసిన.

"సహకరించిన అందరికీ ధన్యవాదాలు," అన్నది సహస్ర.

సప్పట్లు కొట్టిన్రు. లేసి అడుగుదామనుకున్న. అప్పటికే చాయ్ పంచుతున్నరు.